తుంటి విరిగితే ఏ ఆస్పత్రికి?

మా మేనత్త పోయిన కార్తీకంలో కాలువ రేవు మెట్ల మీద జారిపడింది. పి.గన్నవరం అవతల లంకలో వాళ్ల ఇల్లు, వయసు డెబ్బై రెండు. దీపం వదిలి లేవబోతూ పాచి మీద కాలేసింది, ఇంక లేవలేదు. నలుగురు కలిసి మంచం మీద వేసుకుని ఇంటికి తెచ్చారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి సూదేసి, "బెణుకేనండి, రెండ్రోజుల్లో సర్దుకుపోద్ది" అన్నాడు. రాత్రికి ఆ కాలు పక్కకి తిరిగిపోయి, రెండో కాలికన్నా పొట్టిగా కనబడేసరికి అతనే మళ్లీ వచ్చాడు. "టౌనుకి తీసుకెళ్లిపోదారండి, నాకు తెలిసిన డాక్టరుగారున్నారు" అని కారు కూడా అతనే మాట్లాడాడు.

తెల్లారేసరికి టౌనులో నాలుగంతస్తుల మేడ ముందున్నాం. కింద మందుల షాపు, పక్కన ల్యాబు, పైన వార్డులు. ఎక్స్‌రే తీశారు. తర్వాత స్కానింగు, ఏడెనిమిది రకాల రక్తపరీక్షలు, గుండె డాక్టరుగారి ఫిట్‌నెస్. తుంటి ఎముక విరిగింది, రాడ్డు వెయ్యాలన్నారు. మా బావ జేబులోంచి ఆరోగ్యశ్రీ కార్డు తీశాడు. రిసెప్షన్ పక్కన బల్ల దగ్గర కూర్చుని కార్డు కేసులు చూసే ఆరోగ్యమిత్ర దాన్ని చూసి "దీనిమీద అయిపోద్దండి" అన్నాడు. మా మొహాలు వెలిగాయి. అంతలో మేనేజరు లోపలికి పిలిచి మిగతా సగం చెప్పాడు. "కార్డులో వచ్చే రాడ్డు మామూలు రకమండి. పెద్దావిడ కదా, మంచిదేయించుకుంటే పైన నలభై అయిదు వేలవుద్ది."

ఇక్కడే మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. బావది ఒక పార్టీ: "సర్కారు ఆస్పత్రికెళ్తే మనిషి దక్కదు." మా నాన్నది ఇంకో పార్టీ: "ఇక్కడే ఉంటే తోట దక్కదు." టీవీల్లో గంటలకొద్దీ సాగే వాదన మొత్తం ఈ రెండు ముక్కల్లో ఉంది.

చివరికి నాన్న మాటే నెగ్గింది. పరీక్షలకీ, రెండ్రోజుల మంచానికీ పద్దెనిమిది వేలు కట్టి, అంబులెన్సు మాట్లాడుకుని ఒక పెద్ద సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లాం. స్ట్రెచర్ తోసినతను రెండొందలు అడిగాడు. మంచం దొరకడానికి ఒక రాత్రి పట్టింది. ప్రైవేటులో తీసిన ఎక్స్‌రే చూపిస్తే "అది ఉంచండి, మేం మళ్లీ తీస్తాం" అన్నారు. రక్తపరీక్షలూ మళ్లీ మొదటినుంచే. ఆపరేషన్ తొమ్మిదో రోజున అయింది. ప్రొఫెసరుగారు పక్కన నిలబడి చేయించారు, రాడ్డు ఖరీదు ఎవరూ అడగలేదు, కుట్లు శుభ్రంగా మానాయి. ముసలివాళ్లకు తుంటి విరిగితే వీలైనంతవరకు ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలని వైద్యులే చెబుతారు. మంచం మీద గడిచే ప్రతి రోజూ ఊపిరితిత్తులకీ, వీపుకీ, మనసుకీ చేటు. అత్తకి పదకొండు రోజులు గడిచాయి. అందులో రెండు ప్రైవేటు ఖాతాలోకి, తొమ్మిది సర్కారు ఖాతాలోకి వెళ్తాయి. తప్పెవరిది అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. రెండు ఆస్పత్రుల్లోనూ ఆపరేషన్ చెయ్యగల డాక్టర్లున్నారు, రెండింట్లోనూ కార్డు చెల్లుతుంది, రెండు చోట్లా కట్టాల్సిన డబ్బు సర్కారుదే. అయినా మనిషి ఒకచోటి నుంచి ఇంకో చోటికి మారుతుంటే ఒక్క కాగితం కూడా ఆవిడతో పాటు దాటలేదు.

మూడు ప్రశ్నలు, ఒకటే మూట

సర్కారు వైద్యమా, ప్రైవేటు వైద్యమా అని అడిగేటప్పుడు మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే మూట కట్టేస్తాం. ఆస్పత్రి ఎవరిది? డబ్బు ఎవరు కడుతున్నారు? ఏం చెయ్యాలో, ఎంత తీసుకోవాలో చెప్పే పెత్తనం ఎవరిది? మూటిప్పి చూస్తే మా గోదావరి డెల్టాలో నికార్సైన సర్కారు వైద్యం, నికార్సైన ప్రైవేటు వైద్యం రెండూ అరుదే.

కార్డు మీద టౌను ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ అయితే మేడ ప్రైవేటుది, డబ్బు సర్కారుది. సర్కారు ఆస్పత్రిలో రాసిన మందు లోపల లేక బయట కొనుక్కుంటే మంచం సర్కారుది, డబ్బు మనది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి మీద ప్రభుత్వ ముద్ర ఉంటుంది, దాన్ని నడిపేది కాంట్రాక్టు సంస్థ. సర్కారు వైద్యానికి అందరూ ఉదాహరణగా చూపించే బ్రిటన్‌లోనే, 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవలో కుటుంబ వైద్యులు ఎక్కువమంది ప్రభుత్వ ఉద్యోగులు కారు, ఒప్పందం మీద పనిచేసే స్వతంత్రులు. అక్కడ డబ్బూ పెత్తనమూ మాత్రం సర్కారు చేతుల్లో గట్టిగా ఉన్నాయి. మన దగ్గర డబ్బు కొంతవరకు సర్కారుదైంది, పెత్తనం కాలేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

మిషనాస్పత్రి నుంచి కార్డు దాకా

మా అమ్మమ్మ తరానికి పెద్దాస్పత్రి అంటే మిషనాస్పత్రి. నరసాపురంలో, పిఠాపురంలో క్రైస్తవ మిషన్లు పెట్టినవి. అవి సర్కారువి కావు, లాభానికి నడిచినవీ కావు. ఇవాళ్టి వాదనలో ఈ మూడో రకాన్ని అందరూ మర్చిపోయారు. ఇక కాకినాడ రంగరాయ వైద్య కళాశాల సంగతి ఇంకా తమాషా. 1958లో అది ఒక ప్రైవేటు విద్యాసంఘం ఆధ్వర్యంలో మొదలైంది, తర్వాత ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. ఇవాళ డెల్టాలో ఏ పేదవాడైనా చివరి ఆశగా వెళ్లే కాకినాడ పెద్దాస్పత్రికి అనుబంధంగా ఉన్నది ఆ కాలేజీయే. ప్రైవేటుగా పుట్టింది సర్కారుదై నిలబడగలదని మన కళ్లముందే రుజువైంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, పాలకొల్లు, అమలాపురం సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

1986 చట్టంతో వైద్య విధాన పరిషత్ ఏర్పడింది. తాలూకా, జిల్లా స్థాయి ఆస్పత్రుల బాధ్యత దానికి అప్పజెప్పారు. ఆ తర్వాతి రోజుల్లోనే వరి డబ్బు, ఆ వెనక రొయ్యల డబ్బు చేతిలో ఆడి భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, రాజమండ్రి వీధుల్లో నర్సింగ్‌హోములు లేచాయి. వాటి యజమానులు చాలామంది సర్కారు కాలేజీలో చదివినవాళ్లే, సర్కారు వార్డుల్లో చెయ్యి తిరిగినవాళ్లే. అలా తయారైన డాక్టరు బయటికొచ్చి బోర్డు కట్టుకుంటే అది ప్రైవేటు వైద్యమైపోయింది. ప్రజల డబ్బుతో నేర్చిన విద్య అని తిట్టేవాళ్లున్నారు. నేను తిట్టను. ఆ రోజుల్లో రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే తీసింది వాళ్లే. పైగా అప్పటి ఫీజు ఎంతో మా నాన్నకి ఇప్పటికీ గుర్తుంది, చెబితే మీరు నమ్మరు.

పెద్ద కొనుగోలుదారు, చిన్న గొంతు

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ తర్వాత విడతల వారీగా రాష్ట్రమంతా వచ్చింది. ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చింది: ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం మాత్రం ఎప్పుడూ "కార్డు" అనే అన్నారు. 2020 జనవరిలో అప్పటి పశ్చిమగోదావరి జిల్లాను ప్రయోగానికి ఎంచుకుని, ఏలూరు వేదికగా 2,059 చికిత్సలతో, బిల్లు వెయ్యి రూపాయలు దాటితే చాలు పథకం వర్తించేలా విస్తరించారు. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఇంకో మలుపు తిప్పింది. మొదటి రెండున్నర లక్షలు బీమా కంపెనీ చూసుకుంటుంది, ఆపైన 25 లక్షల వరకు ఈ పథకాన్ని నడిపే సర్కారు ట్రస్టు చూసుకుంటుంది అన్నారు.

దీన్ని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 2007కి ముందు మా లంకలో గుండె జబ్బంటే ఒక్కటే దారి: ఎకరం అమ్మడం, లేదా దేవుడి మీద భారం వెయ్యడం. పుట్టుకతోనే గుండెలో రంధ్రమున్న మా పక్కింటి కుర్రాడు ఇవాళ ఆక్వా చెరువు మీద ఏరియేటర్లు చూసుకుంటూ నెలకింతని సంపాదిస్తున్నాడంటే ఆ కార్డు పుణ్యమే.

కానీ యంత్రం ఎలా తిరుగుతుందో చూడాలి. ప్రతి ఆపరేషన్‌కీ ఒక ప్యాకేజీ ధర ఉంటుంది. ఆస్పత్రి ముందుగా కాగితాలు పంపి అప్రూవల్ తెచ్చుకోవాలి, చికిత్స చెయ్యాలి, బిల్లు పెట్టాలి, డబ్బు వచ్చేదాకా ఎదురు చూడాలి. ప్యాకేజీ ధర ఆస్పత్రికి గిట్టకపోతే అది మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తుంది. మంచాలు ఖాళీ లేవంటుంది. "మంచి రకం" పేరుతో పైన వసూలు చేస్తుంది. లేదా చిన్న సరుకు వాడి సరిపెడుతుంది. అదే ధర బాగా గిడితే ఇంకో రోగం మొదలవుతుంది: అక్కర్లేని ఆపరేషన్లు. గర్భసంచి తీసివేతలు అలాగే పెరిగిపోతున్నాయని గగ్గోలు రేగి, ఒక దశలో వాటితో పాటు ఇంకా కొన్ని చికిత్సల్ని సర్కారు ఆస్పత్రులకే పరిమితం చేశారు. అంటే ధర కాగితం మీద రాస్తే సరిపోదు, దాని వెనక కన్నుండాలి.

కన్నుండాలంటే ముందు బాకీ తీర్చాలి. 2024 మేలో, 2025లో పలుమార్లు, ప్రైవేటు స్పెషాలిటీ ఆస్పత్రుల సంఘం బకాయిలు రాలేదని కార్డు సేవలు ఆపేసింది, ఆపేస్తామని నోటీసులిచ్చింది. 2025 అక్టోబరులో ఆపినప్పుడు వాళ్లు చెప్పిన బకాయి సుమారు 2,700 కోట్లు. ఇది ఒక్క పార్టీ ప్రభుత్వంతో వచ్చిన జబ్బు కాదు. కిరాణా కొట్లో ఆరు నెలల అరువు పెట్టుకున్నవాడు "పప్పులో రాళ్లేంటయ్యా" అని గట్టిగా అడగలేడు. డెల్టాలో ప్రైవేటు ఆస్పత్రులకు అందరికన్నా పెద్ద ఖాతాదారు సర్కారే, అయినా అందరికన్నా నెమ్మదిగా మాట్లాడేదీ సర్కారే. మా మేనేజరుగారు నలభై అయిదు వేలు అడిగింది ఆ ధైర్యంతోనే.

ఇంకో సంగతి. కార్డు పనిచేసేది ముఖ్యంగా మంచం ఎక్కితేనే. షుగరుకీ, బీపీకీ ఏళ్ల తరబడి మింగే మాత్రలు, నెలనెలా పరీక్షలు, ఆర్‌ఎంపీ సూదులు, నీరసానికి ఎక్కించుకునే సెలైను ఇవన్నీ చిల్లర ఖర్చులు. మా బావ షుగరు మాత్రల చీటీలు గోడకి మేకు కొట్టి గుచ్చుతాడు, కరెంటు బిల్లులతో పాటు. కరెంటు బిల్లుకి సబ్సిడీ ఉంది, ఆ చీటీలకి లేదు. దేశం మొత్తం మీద ఆరోగ్యానికి అయ్యే ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22 నాటికి 39.4 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. మంచి మాటే. అయినా పది రూపాయల్లో నాలుగు ఇంకా మనవే. అదే ఏడాది ప్రభుత్వాలన్నీ కలిసి పెట్టింది స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతానికి తీసుకెళ్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు.

2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కొకటి ఈ చర్చల్లో తరచూ వినిపిస్తుంది. దేశంలో కాన్పులు కాకుండా, ఒకసారి ఆస్పత్రిలో చేరితే సగటు ఖర్చు సర్కారులో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. ఏడు రెట్లు. ఇది చూపించి ప్రైవేటుని దోపిడీ అనేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. సర్కారు ఆస్పత్రిలో డాక్టరు జీతం, మేడ, కరెంటు మన పన్నుల్లోంచి పోతాయి, రోగి బిల్లులో కనబడవు. అంచేత ఆ తేడా అంతా లాభం కాదు. అలాగని ఏమీ లేదనీ కాదు. రోగి గుండె మీద ఆ 31 వేలు ఎంత బరువో కొలవడానికి ఆ లెక్క చాలు, ఆస్పత్రి నిజాయితీ కొలవడానికి చాలదు.

ముహూర్తం పెట్టి కోసే కాన్పు

నిజాయితీ కొలిచే లెక్క ఇంకోటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. సర్కారు ఆస్పత్రుల్లో 26.6 శాతం, ప్రైవేటులో 63. జనాభా మొత్తం మీద పది శాతం దాటాక సిజేరియన్లు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గడం కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

కష్టమైన కేసులన్నీ ప్రైవేటుకే వెళ్తాయేమో, అందుకే కోతలెక్కువేమో అనుకోవచ్చు. డెల్టాలో జరిగేది దానికి తిరగేసి ఉంటుంది. నర్సింగ్‌హోములో పరిస్థితి చెయ్యిదాటితే అంబులెన్సు ఎక్కించి పంపేది కాకినాడ పెద్దాస్పత్రికే. మెలిపడ్డ కేసులు చేరేచోట 26 శాతం, మామూలు కేసులు చేరేచోట 63 శాతం అంటే కారణం కడుపులో లేదు, బయట ఉంది.

బయట ఏముందంటే, డబ్బు ఒక్కటే కాదు. నర్సింగ్‌హోములో ఉండేది ఒక్క గైనిక్ డాక్టరమ్మ. నొప్పులు రాత్రి రెండింటికి మొదలై పదహారు గంటలు సాగితే ఆవిడ ఒక్కతే కూర్చోవాలి. మత్తు డాక్టరు నాలుగు ఆస్పత్రులకు తిరిగేవాడు, అతను దొరికే టైముకి కాన్పు సర్దుకోవాలి. బిడ్డకేదైనా అయితే బంధువులు అద్దాలు పగలగొడతారు. ఇంకోపక్క అమ్మాయి తరఫువాళ్లు పంతులుగారు రాసిచ్చిన చీటీ పట్టుకొస్తారు. గురువారం ఉదయం 9 గంటల 42 నిమిషాలు, లగ్నం దాటకూడదు. నేనొకసారి థియేటర్ బయట వరండాలో ఉండగా ఒక తాతగారు వాచీ చూసుకుంటూ, "ఇంకా నాలుగు నిమిషాలుందమ్మా, ఆగండి" అని నర్సుకి చెప్పడం విన్నాను. కత్తి డాక్టరమ్మ చేతిలో ఉంది, గడియారం తాతగారి చేతిలో ఉంది.

సర్కారు వార్డులో ముహూర్తాలు అడిగే దమ్ము ఎవరికీ లేదు. అది మంచికే. కానీ నొప్పులకి ఓర్చుకోలేక అరిచిన పిల్లని "అప్పుడు తెలీలేదా" అని ఆయా కసరడం కూడా అక్కడే విన్నాను. అప్పుచేసైనా నర్సింగ్‌హోముకి వెళ్లే ఆడపిల్లలు కత్తికోసం వెళ్లడం లేదు, ఆ మాట పడకుండా ఉండటానికి వెళ్తున్నారు. సర్కారు ఆస్పత్రికి ఎన్ని కోట్ల యంత్రాలు తెచ్చినా ఆ ఒక్క వాక్యం ఆగకపోతే కార్డున్న మనిషి ప్రైవేటు మెట్లే ఎక్కుతుంది.

ఎవరికీ గిట్టని వైద్యం

కొన్ని పనులకు అసలు ప్రైవేటు బేరమే కుదరదు. బోదకాలు చూడండి. కాలువలు, మురుగు, దోమ, ఈ మూడూ మన డెల్టాకి పుట్టుమచ్చలు. బోదకాలు క్రిమి పగలు లోపల దాక్కుని రాత్రిపూట రక్తంలో తిరుగుతుంది. కాబట్టి పరీక్షకి మనుషులు రాత్రి ఇంటింటికీ రావాలి, వేలి కొసన చుక్క తీసుకోవాలి. ఒంట్లో ఏ జబ్బూ కనబడనివాళ్లతో సహా ఊరంతటికీ ఏడాదికోసారి మాత్రలు మింగించాలి. దీనికి బిల్లెవరు కడతారు? అందుకే రాజమండ్రిలో కేంద్ర ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ శాఖ ఉంది, బోదకాలు మీద శిక్షణ ఇస్తుంది. చుట్టూ ఎన్ని కార్పొరేట్ ఆస్పత్రులొచ్చినా ఆ పనికి ఇంకొకరు పోటీ రాలేదు.

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లోనే ఆ సంఖ్య ఆరు వందలు దాటింది, ఒకరు చనిపోయారు. రోగులు ఎక్కువగా చేరింది ఏలూరు ప్రభుత్వాస్పత్రిలోనే. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. నీళ్లు, పాలు, కూరగాయల నమూనాలు తీసుకుని జాతీయ సంస్థల బృందాలు వీధులు తిరిగాయి. మూర్ఛకి వైద్యం ఏ ఆస్పత్రయినా చెయ్యగలదు. మూర్ఛ ఎందుకొచ్చిందో కనుక్కోవడానికి కాలువ నీళ్లు సీసాలో పట్టడం మాత్రం ఏ ఆస్పత్రి ప్యాకేజీలోనూ లేదు.

వరదొస్తే లంకల్లో నెలలు నిండిన గర్భిణుల జాబితా ఏఎన్ఎమ్మమ్మ దగ్గర ఉంటుంది. గోదారి పొంగకముందే పడవెక్కించి ఒడ్డుకి చేర్చడం ఆవిడ పని. మైదానాల్లో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అని ప్రమాణం పెట్టుకున్నది ఇలాంటి పనులకే. ఆర్భాటం లేదు కాబట్టి టీవీల్లో రాదు. కాలువకి తలగట్టు దగ్గర నీళ్లున్నట్టే పీహెచ్‌సీలకి కాగితం మీద పోస్టులుంటాయి, శివారుకొచ్చేసరికి తేమే. కాలువ నీళ్లు రాకపోతే డబ్బున్న రైతు ఆయిలింజను పెట్టుకుంటాడు. పీహెచ్‌సీ తలుపు మధ్యాహ్నానికే మూసేస్తే ఆర్‌ఎంపీ ఇంజను స్టార్టవుతుంది. ఆర్‌ఎంపీని నేను తప్పుపట్టలేను. పిలిస్తే వస్తాడు, అప్పు పెట్టనిస్తాడు, పేరు పెట్టి పలకరిస్తాడు. అతను ఏ ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడ అతనికి కమీషన్ ముడుతుందన్నది ఊరందరికీ తెలిసిన రహస్యం. మా మేనత్తని ఎక్కించిన కారు ఆ టౌను ఆస్పత్రి దగ్గరే ఎందుకాగిందో మళ్లీ చెప్పక్కర్లేదు.

పాలకొల్లు, అమలాపురం గోడలు

ఇప్పుడు డెల్టాలో ఈ వాదన మరీ వేడెక్కింది కొత్త మెడికల్ కాలేజీల దగ్గర. గత ప్రభుత్వం రాష్ట్రంలో 17 సర్కారు కాలేజీలు తలపెట్టింది. వాటిలో రాజమండ్రి, ఏలూరు కాలేజీలు 2023 సెప్టెంబరులో మొదలయ్యాయి. మిగిలినవాటిలో పదింటిని ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టి నడపాలని 2025 సెప్టెంబరులో ఇప్పటి మంత్రివర్గం నిర్ణయించింది. ఆ పదిలో పాలకొల్లు, అమలాపురం ఉన్నాయి. ప్రతిపక్షం కోటి సంతకాల ఉద్యమం చేసింది. ఖజానాలో అంత డబ్బు లేదు, భాగస్వాములొస్తే త్వరగా పూర్తవుతాయి, యాజమాన్య హక్కు మాదే ఉంటుంది అని ప్రభుత్వం అంటోంది. ప్రజల స్థలంలో ప్రైవేటు వ్యాపారమా, సీట్లకు ఫీజులు ఎవరు కడతారు అని ఎదుటి పక్షం అడుగుతోంది.

రెండు పక్షాలూ గోడలు ఎవరివి అన్నదాని దగ్గరే ఆగిపోయాయి. ఇక్కడే రంగరాయ కాలేజీని గుర్తుతెచ్చుకోమన్నాను. డెల్టాకి ప్రైవేటు మెడికల్ కాలేజీలు కొత్త కావు. రాజానగరంలో, అమలాపురంలో, ఏలూరులో ఇప్పటికే ఉన్నాయి. కొన్ని కాలేజీలు ఊళ్లకి బస్సులు పంపించి మరీ రోగుల్ని ఉచితంగా చూడటం మనకు తెలుసు. ధర్మబుద్ధి ఉంటే ఉండొచ్చు, దానికి మించిన కారణం ఇంకోటుంది. మంచాల మీద రోగులు లేకపోతే తనిఖీలో సీట్లు నిలవవు. ఆదాయం సీట్ల మీద, రోగి వల్ల సీటు నిలబడుతుంది, అందుకని రోగికి ఉచితం. ఇదొక తమాషా పొత్తు. పేదవాడికి అందులో నిజంగానే మేలుంది. కానీ ఆ మేలు ఒప్పందం వల్ల రాలేదు, అవసరం వల్ల వచ్చింది. రేపు అవసరం తీరిపోతే బస్సు ఆగిపోతుంది.

కాబట్టి పాలకొల్లు కాలేజీ మీద నేను అడిగేవి చిల్లర ప్రశ్నలు. రాత్రి రెండింటికి పాము కరిచినవాడు వస్తే గేటు దగ్గర అడ్వాన్సు అడుగుతారా? ఉచిత మంచాలు ఎన్ని, అవి నిండాయో లేదో బయట బోర్డు మీద ఎవరు రాస్తారు? ఓపీ చీటీ ఉచితమంటున్నారు, మరి స్కానింగో? భాగస్వామి మాట తప్పితే ఆస్పత్రిని వెనక్కి తీసుకునే అధికారం ఏ అధికారికుంది, ఎన్ని రోజుల్లో? ఇవన్నీ కాగితంలో గట్టిగా రాసి, అడిగినవాడికల్లా ఆ కాగితం చూపిస్తే భాగస్వామ్యమంటే నాకు భయం లేదు. రాయకపోతే అది సర్కారు కాలేజీ అయినా నాకు నమ్మకం లేదు.

పెత్తనం చెయ్యాలనుకుంటే చెయ్యగలరన్నది 2017 ఫిబ్రవరిలోనే చూశాం. గుండెలో వేసే మందుపూత స్టెంటుకి కేంద్ర ధరల సంస్థ 29,600 రూపాయలు గరిష్ఠంగా కట్టేసింది. అంతకుముందు లక్ష దాటి అమ్మినవి ఒక్క ఉత్తర్వుతో కిందికి దిగాయి. స్టెంటు ధర దిగింది, బిల్లులో మిగతా వరుసల్ని మాత్రం ఎవరూ పట్టుకోలేదు. ప్రైవేటు ఆస్పత్రుల నమోదుకి, నియంత్రణకి మన రాష్ట్రంలో 2002 నుంచే చట్టముంది. టౌనులో మేం ఎక్కిన ఆ మేడలో దాని రిజిస్ట్రేషన్ పత్రం ఫ్రేము కట్టి వేంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించారు. రాడ్డు ధర మాత్రం ఏ గోడ మీదా లేదు.

యానాం మన మధ్యనే ఉండి పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కిందికొస్తుంది కదా. అక్కడ 2024లో పుదుచ్చేరిలోని కేంద్ర ప్రభుత్వ వైద్య సంస్థ జిప్మర్ వాళ్లు స్పెషలిస్టుల కేంద్రం తెరిచారు. చుట్టుపక్కల మన ఊళ్లవాళ్లు రోగం వస్తే సరిహద్దు రాయిని చూసుకోరు, బస్సు ఎటుందో చూసుకుంటారు.

మేనత్త ఇప్పుడు వాకరు పట్టుకుని అరుగు దాకా నడుస్తోంది. ఏఎన్ఎమ్మమ్మ నెలకోసారి వచ్చి బీపీ చూసి మాత్రలిచ్చి వెళ్తోంది. ఫిజియోథెరపీకి టౌనుకెళ్లాలి, అది కార్డులో లేదని బావ వాయిదా వేస్తున్నాడు. రెండు ఆస్పత్రుల కాగితాలూ ఒకే చీరల షాపు కవర్లో పెట్టి బీరువా మీద దాచింది. పోయినవారం మనవడు అందులోంచి ఎక్స్‌రే ఫిల్ములు లాగి ఎండకేసి పట్టుకుని చూస్తున్నాడు. ఒకే ఎముక, అదే విరుగు, రెండు ఫిల్ములు, రెండ్రోజుల తేడా. "నానమ్మా, రెండూ ఒకేలాగున్నాయి కదా, గ్రహణం చూడ్డానికి నాకొకటియ్యవా?" అన్నాడు. "కళ్లు పోతాయి, అక్కడ పెట్టు" అని కసిరి, కాసేపాగి, "ఆ డబ్బు కట్టిందివ్వను, రెండోది కావాలంటే తీసుకో" అంది.